సరస్వతి ఆకు మీద పరిశోధన: ఎం.ఫార్మసీలో ఏ బ్రాంచి?

ప్రశ్న: బి.ఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. జ్ఞాపకశక్తి మీద సరస్వతి ఆకు లాంటి మొక్కలు ఎంతవరకు పనిచేస్తాయో పరిశోధించాలని ఉంది. ఏ బ్రాంచి తీసుకోవాలి? ఎలుకలతో పని తప్పదా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మొక్కలో ఏముందో తేల్చడం ఇష్టమైతే ఫార్మకోగ్నసీ. అది మెదడు మీద ఏం చేస్తుందో చూడాలనుంటే ఫార్మకాలజీ. మీరు అడిగిన తీరు చూస్తే రెండోదే సరిపోతుంది. అందులో ఎలుకలతో పని దాదాపు తప్పదు.

బి.ఫార్మసీలో ఎలుకల ప్రయోగాలన్నీ కంప్యూటర్ సిమ్యులేషన్‌లోనే చూసి ఉంటారు. ల్యాబ్‌లో ఎక్కువగా వాడేది మోరిస్ వాటర్ మేజ్. గుండ్రటి నీటి తొట్టిలో ఒక చిన్న ప్లాట్‌ఫాం కనపడకుండా మునిగి ఉంటుంది. ఎలుక రోజురోజుకీ దాన్ని ఎంత త్వరగా కనుక్కుంటోందో కొలుస్తారు. స్కోపోలమిన్ అనే మందుతో మతిమరుపు తెప్పించి, కొన్నిటికి మొక్క ఎక్స్‌ట్రాక్ట్, కొన్నిటికి అల్జీమర్స్ మందు డోనెపెజిల్ ఇచ్చి పోలుస్తారు. అయితే ఎలుక త్వరగా చేరింది గుర్తుండబట్టా, వేగంగా ఈదబట్టా? అందుకే ఈత వేగాన్ని విడిగా చూస్తారు, ప్లాట్‌ఫాం పైకి కనిపించేలా పెట్టి కూడా పరీక్షిస్తారు. ఇలాంటి అనుమానాలు మీకు వాటంతటవే వస్తుంటే ధైర్యంగా ఫార్మకాలజీలో చేరండి.

చాలా ప్రయోగాల చివర ఎలుకను చంపి మెదడును పరీక్షిస్తారు. మనసు ఒప్పుకోకపోతే అందులో తప్పేమీ లేదు, కానీ ఇప్పుడే తేల్చుకోండి. ఫార్మకోగ్నసీలో ఉంటూ, జ్ఞాపకశక్తికి అవసరమైన అసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని ఎక్స్‌ట్రాక్ట్ ఎంత అడ్డుకుంటుందో ఎల్మన్ పద్ధతిలో టెస్ట్‌ట్యూబ్‌లోనే చూడొచ్చు. స్నోడ్రాప్ మొక్క నుంచి వచ్చిన గాలంటమైన్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే మందే. 2001లో అమెరికాలో అల్జీమర్స్‌కి అనుమతి పొందింది.

ఏ బ్రాంచి అయినా, బజారు పొడితో మాత్రం మొదలుపెట్టకండి. బ్రహ్మి పేరుతో బకోపా, సెంటెల్లా అనే రెండు వేర్వేరు మొక్కలనూ అమ్ముతారు. మన సరస్వతి ఆకు సెంటెల్లా. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐ ఏళ్ల తరబడి పరిశోధించింది బకోపా మీద. మొక్కను బోటనీ నిపుణులతో గుర్తింపు చేయించి, నమూనాను హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) ఉంచండి. లేకపోతే రెండేళ్ల కష్టాన్ని ఎవరూ నమ్మరు.

ముందు ఎం.ఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ మీద దృష్టి పెట్టండి. అర్హత సాధించి ఎం.ఫార్మసీలో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లో సీటుకు నైపర్ జేఈఈ (ఇంజినీరింగ్ జేఈఈ కాదు) కూడా రాయాలి. కేవలం జ్ఞాపకశక్తి మొక్కల మీదే ఉద్యోగాలు తక్కువ, సొంత పరిశోధనకు పీహెచ్‌డీ కావాలి. కానీ ఎలుకలతో పద్ధతిగా ప్రయోగాలు చేయడం నేర్చుకుంటే ప్రీక్లినికల్ (మనుషుల కన్నా ముందు మందును పరీక్షించే), టాక్సికాలజీ (విషప్రభావాన్ని చూసే) ల్యాబ్‌లలో అవకాశాలుంటాయి. కాలేజీ ఎంచుకునేటప్పుడు యానిమల్ హౌస్‌కి, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ రిజిస్ట్రేషన్ ఉందా, వాటర్ మేజ్ పనిచేస్తోందా అని సీనియర్లను అడిగి తెలుసుకోండి.