ఎరువు కొనే ముందు మట్టిగడ్డ తీసి చూడు తల్లీ

తల్లీ,

పొలం ఇక నువ్వే చేస్తానన్నావని తెలిసి చాలా సంతోషమేసింది. ఏ ఎరువు ఎంత వెయ్యాలి పెదనాన్నా అని అడిగావు కదా, అది తర్వాత చెప్తా, ముందు ఓ పని చెయ్యి. పొలంలోంచి బాగా ఎండిన గడ్డ ఒకటి, ఎప్పుడూ దున్నని గట్టు మీంచి ఇంకోటి తెచ్చి రెండు గాజు గ్లాసుల నీళ్ళల్లో మెల్లగా వదులు. గట్టు మీది గడ్డ మామూలుగా చాలాసేపు అలాగే ఉంటుంది, పొలంది మాత్రం ఐదు నిమిషాల్లో విడిపోయి నీళ్ళు బురదైపోతే ఆ నేలలో జిగురు పోయిందన్నమాట. ఆ జిగురు చేసేది వేర్లూ, మట్టిలో ఉండే సూక్ష్మజీవులూ, వాటికి తిండి లేకపోతే వాన పడగానే పైన పొర కట్టేసి నీళ్ళు ఇంకవు, చల్లిన ఎరువు కూడా ఆ నీళ్ళతోనే పోతుంది.

మట్టి టెస్టుకి ఒక్కచోట తవ్వి ఇచ్చేయకు. ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క గోడని పైనుంచి కిందదాకా పల్చగా చెక్కి, అన్నీ కలిపి అరకిలో నీడలో ఆరబెట్టి ఇవ్వు. చెట్ల కింద, పెంటకుప్ప పోసిన చోట తియ్యొద్దు. రిపోర్టులో అందరూ నత్రజని, భాస్వరం, పొటాష్, అంటే ఎన్‌పీకే చూస్తారు, నువ్వు ముందు పీహెచ్ (మట్టి ఆమ్లమా క్షారమా అన్నది), సేంద్రియ కర్బనం (కుళ్ళిన ఆకులు, వేర్ల నుంచి మట్టిలో చేరేది) చూడు, కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ కిందే లెక్క.

కోతయ్యాక గడ్డి మాత్రం తగలబెట్టకమ్మా, అందులో ఉన్న నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. నేను తగలబెట్టడం మానేసిన మొదటి ఏడాది గడ్డి కలియదున్నేసి వెంటనే విత్తనం వేశా, మొక్కలన్నీ పాలిపోయాయి, తెగులేమో అనుకుని మందు కూడా కొట్టా, అది తెగులే కాదు. గడ్డిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని తక్కువ, దాన్ని కుళ్ళబెట్టాలంటే సూక్ష్మజీవులకి నత్రజని కావాలి, ఆ లోటు మట్టిలోంచి లాక్కుంటాయి, అప్పుడు మొక్కకేం మిగులుతుంది? అందుకే దున్నితే తడిపెట్టి కొన్ని వారాలు ఆగు, ఆగే టైం లేకపోతే దున్నకుండా సాళ్ళ మధ్య పైనే పరిచెయ్, తేమ కూడా నిలుస్తుంది.

రెండు పంటల మధ్యలో ఖాళీ దొరికితే పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగో జనుమో చల్లు. ఒక మొక్క పీకి వేరు మీది బుడిపె కోసి చూడు, లోపల గులాబీ రంగుంటే నత్రజని పట్టే పని జరుగుతున్నట్టే. 45-50 రోజులకి పూత మొదలవుతుండగానే కలియదున్నెయ్, ఇంకా ఉంచితే కాండం ముదిరి మళ్ళీ గడ్డి కథే అవుతుంది.

యూరియా ఈ ఏడాదే పూర్తిగా మానెయ్యమనే వాళ్ళుంటారు, వినకు. బలం లేని నేలకి ఒక్కసారే ఆపేస్తే దిగుబడి పడిపోయి నీకే విసుగొస్తుంది, టెస్టు చూసుకుంటూ ఏడాదికి కొంచెం తగ్గించు.

ఈ ఆదివారం ఆ రెండు గ్లాసులూ పెట్టి ఫోటో పంపు, గడ్డ ఎక్కడ తీశావో రాసి పెట్టుకో, వచ్చే ఏడాది మళ్ళీ అక్కడే తియ్యాలి.

పెదనాన్న