సింగిల్ లైన్ మీద రెండు రైళ్లు ఎదురెదురుగా ఎలా వచ్చేస్తాయి?

మీ ప్రశ్న 2024లో బ్రిటన్‌లోని వేల్స్‌లో, టాలెర్డిగ్ దగ్గర జరిగిన రైలు ప్రమాదం గురించి. అంత ఆధునికమైన సిగ్నలింగ్ ఉండి కూడా రైళ్లు ఎలా ఢీకొన్నాయి, మనకు కవచ్ (బండ్లు ఢీకొనకుండా తనంతట తనే బ్రేకు వేసే మన రైల్వే పరికరం) వస్తే ఆ భయం పోతుందా అని అడిగారు. నేను ఇరవై ఏళ్లకు పైగా సింగిల్ లైన్ స్టేషన్లలో, అంటే రెండు వైపుల బండ్లూ ఒకే పట్టాల మీద నడిచే చోట, మాస్టరుగా చేశాను. అందుకని మా టోకెన్ బంతి దగ్గర మొదలుపెడతాను.

మాకు నీల్స్ బాల్ టోకెన్ మిషన్ ఉండేది. అందులోంచి వచ్చే బంతే డ్రైవర్‌కి అనుమతి; అది చేతిలో లేకుండా సెక్షన్‌లోకి, అంటే పక్క స్టేషన్ దాకా ఉన్న లైన్‌లోకి, బండి పోకూడదు. పక్క స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ (బండి పంపడానికి ఒప్పుకోలు) ఇస్తేనే ఇనుప బంతి బయటికొస్తుంది. అది తిరిగి మిషన్‌లో పడేదాకా ఆ సెక్షన్‌కి రెండు వైపులా ఇంకో బంతి రాదు. బంతి మీద సెక్షన్ పేరు చెక్కి ఉంటుంది. మిషన్ వరకు మోసం లేదు. కానీ బయటికొచ్చాక బంతి మనుషుల చేతుల్లో ఉంటుంది.

ఒక వానాకాలం రాత్రి, రెండు దాటింది. గూడ్స్ వచ్చి లూప్‌లో, అంటే ఎదురు బండికి దారివ్వడానికి స్టేషన్‌లో ఉండే పక్క లైన్‌లో, ఆగింది. అది వెళ్లాల్సిన సెక్షన్‌లో ఎదురు నుంచి ప్యాసింజర్ అప్పటికే వస్తోంది. గూడ్స్ తెచ్చిన పౌచ్‌ని (బంతి పెట్టే సంచిని) కొత్త పాయింట్స్‌మన్ నా బల్ల పక్కన కొక్కేనికి తగిలించాడు. ఇవ్వాల్సిన పౌచ్‌ని నేను రోజూ పెట్టేది కూడా అక్కడే. నేను ఫోన్‌లో ఉండగా ఇంకొకతను దాన్నే తీసుకెళ్లి డ్రైవర్‌కిచ్చాడు. ఆ స్టేషన్‌లో బండి బయల్దేరడానికిచ్చే స్టార్టర్ సిగ్నల్‌కీ టోకెన్‌కీ లంకె లేదు. ఆ పెద్దాయన డ్రైవర్ పౌచ్‌లో చెయ్యి పెట్టి, బంతి తీసి, దీపం వెలుగులో తిప్పి చదివారు. దిగి తడుస్తూ వచ్చి బల్ల మీద పెట్టారు. "మాస్టారూ, ఇది మేం తెచ్చిన బంతే." వచ్చిన బంతిని వెంటనే మిషన్‌లో వెయ్యకపోవడం నా తప్పే. ఆయన చదవకపోయి ఉంటే అన్న తలపుతో చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

1921 జనవరి 26న వేల్స్‌లోని అబర్‌మ్యూల్‌లో ఎవరూ చదవలేదు. అక్కడ టోకెన్‌ని టాబ్లెట్ అనేవారు. బండి తెచ్చిన టాబ్లెట్‌ని ఒక కుర్రాడు తీసుకుని, ఆ రోజు బదులు డ్యూటీలో ఉన్న మాస్టరు చేతికిచ్చాడు. ఆయన అది బండి వెళ్లబోయే సెక్షన్‌దనుకుని మళ్లీ డ్రైవర్‌కే ఇచ్చారు. బండి కదిలింది, ఎక్స్‌ప్రెస్‌ని ఎదురుగా గుద్దింది. 17 మంది పోయారు. ఆ రైల్వే కంపెనీ డైరెక్టర్ కూడా వాళ్లలో ఒకరు.

మీరడిగిన టాలెర్డిగ్ కూడా అదే లైన్ మీదే ఉంది. ఇప్పుడక్కడ టాబ్లెట్లు లేవు, డ్రైవర్ ముందు తెర మీదే సిగ్నల్ కనిపిస్తుంది. 2024 అక్టోబర్ 21న లూప్‌లో ఆగాల్సిన బండి బ్రేకులు వేసినా ఆగలేదు. చక్రాలు జారి, ఆగాల్సిన చోటు దాటి దాదాపు 900 మీటర్లు పోయి ఎదురు బండిని కొట్టింది. ఒక ప్రయాణికుడు చనిపోయారు. జారకుండా పట్టాల మీద ఇసుక పోసే గొట్టాలు పూడిపోయి ఉన్నట్టు దర్యాప్తులో కనిపించింది.

కాబట్టి కవచ్ సంగతి ఇదీ. డ్రైవర్ ఎర్ర సిగ్నల్ దాటబోతే అదే బ్రేకు వేస్తుంది, ఒకే లైన్ మీద ఎదురెదురుగా వచ్చే బండ్లను ఆపడానికి చూస్తుంది. అబర్‌మ్యూల్ లాంటి తప్పుకి అది గట్టి అడ్డు, త్వరగా రావాలి. పడిన బ్రేకుకి చక్రం పట్టు దొరకడం మాత్రం దాని చేతిలో లేదు. మా రోజుల్లో షెడ్డులో ఇసుకని ఆరబెట్టి, జల్లించి మరీ ఇంజిన్ పెట్టెల్లో పోసేవారు. చెమ్మ తగిలితే గడ్డకట్టి గొట్టంలోంచి రాలదు. వానాకాలంలో బండి ఎక్కే ముందు కొందరు డ్రైవర్లు వంగి, చక్రం పక్కన ఇసుక పడుతోందో లేదో కళ్లారా చూసుకునేవారు.