మగ, ఆడ లెపర్డ్ గెక్కోలను కలిపి ఉంచి, గుడ్లు రాకుండా చూడొచ్చా?

ఎనిమిది నెలల లెపర్డ్ గెక్కోల (ఇళ్లలో పెంచుకునే ఒక రకం బల్లులు) జంట ఉంది, పిల్లలు వద్దు, కానీ విడదీయడానికి మనసు రావట్లేదు అని రాశారు. ఒకప్పుడు నాదీ ఇదే పరిస్థితి. అందుకే ముందే చెప్పేస్తున్నా: కలిపి ఉంచితే గుడ్లను ఆపలేరు. ఈరోజే వేరు చేయండి.

నేను తెచ్చుకున్నప్పుడు రెండూ ఆడవే అనుకున్నాను. చిన్నప్పుడు తేడా తెలియదు. పెరిగాక ఒకదానికి వెనక కాళ్ల మధ్య రంధ్రాల వరుస, తోక మొదట్లో రెండు ఉబ్బులు కనిపించాయి. మగదని అప్పుడే తేలిపోయింది. అయినా రెండూ ఒకదాని మీద ఒకటి పడుకుంటుంటే ఎంత ప్రేమో అనుకుని వదిలేశాను. ట్యాంకులో వెచ్చటి చోటు ఒక్కటే ఉంది, రెంటికీ అదే కావాలి, అంతే. లెపర్డ్ గెక్కోకి తోడు అక్కర్లేదు. విడదీస్తే బెంగ పెట్టుకుంటుందన్న భయం మనదే.

ఒక రాత్రి మగది తోక చివరను గలగలమని ఆడిస్తుంటే విన్నాను. మర్నాడు ఆడదాని మెడ మీద పంటిగాట్లు. నెల తిరక్కుండానే రెండు గుడ్లు. వెంటనే మగదాన్ని వేరే ట్యాంకులోకి మార్చి, గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. ఆడ గెక్కో ఒక్కసారి కలిస్తే చాలు, ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని నెలల తరబడి గుడ్లు పెట్టగలదు. మగది పక్కన లేకపోయినా నాది ఇంకో నాలుగుసార్లు పెట్టింది, ప్రతిసారీ రెండేసి. గెక్కో కొవ్వును ఎక్కువగా తోకలోనే దాచుకుంటుంది. లావుగా ఉండే దాని తోక పెన్సిల్లా సన్నబడిపోయింది. తిండిలో కాల్షియం చాలకపోతే గుడ్ల కోసం సొంత ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. నడుస్తుంటే దాని ముందుకాళ్లు వణకడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. డాక్టరు మందులిచ్చాక కూడా కోలుకోవడానికి ఐదారు నెలలు పట్టింది.

గుడ్లు పెట్టగానే ఫ్రీజర్లో పెట్టేస్తే సరిపోతుందని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. నేనూ అదే చేశాను. పిల్లలు రావు, నిజమే. కానీ అప్పటికే తల్లి ఒంట్లోంచి పోవాల్సింది పోయింది. గుడ్డు లోపలే ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం సంగతీ అడిగారు. అంత చిన్న ప్రాణికి మత్తిచ్చి కోయడం చాలా ప్రమాదం, పిల్లలు వద్దన్న ఒక్క కారణానికి నేనైతే చేయించను. మధ్యలో గాజుపలక అడ్డం పెట్టడమూ వద్దు. నేను పెట్టి చూశాను, మగది తిండి మానేసి రాత్రంతా ఆ గాజునే గోకింది.

రెండో ట్యాంకుకి హీట్ మ్యాట్ (అడుగున వేడినిచ్చే పరుపు), దానికి థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా చూసే పరికరం) విడిగా ఉండాలి. ఇన్నాళ్లూ కలిసే ఉన్నాయి కాబట్టి ఆడదాని ట్యాంకులో గుడ్లు పెట్టడానికి తడి నాచు నింపిన మూత డబ్బా ఒకటి, దూరడానికి కన్నం పెట్టి, ఇప్పటినుంచే ఉంచండి. చిన్న గిన్నెలో కాల్షియం పొడి ఎప్పుడూ ఉండాలి. వారానికోసారి బరువు చూసి రాసిపెట్టుకోండి. పొట్ట చర్మం లోంచి తెల్లగా రెండు గుండ్రటి ఆకారాలు కనిపిస్తే గుడ్లున్నట్టే. తిండి మానేసి, రోజుల తరబడి తవ్వుతూ ఉండి కూడా గుడ్లు పెట్టకపోతే ఆగకండి, సరీసృపాలను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఒంటరిగా ఉన్న ఆడది కూడా అప్పుడప్పుడు పిల్లలు రాని వట్టి గుడ్లు పెడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

ఆడదాని బరువెంతో, రెండూ ఎన్నాళ్లుగా కలిసి ఉన్నాయో రాయండి. తోక ఫొటో కూడా పెడితే ఇంకా నయం.