కిడ్స్ మీల్‌తో సోడా బదులు ఏం ఇప్పించాలి?

అమెరికాలో ఉంటూ, రెస్టారెంట్లో పిల్లలకి కిడ్స్ మీల్ (పిల్లల కోసం డ్రింక్‌తో కలిపి అమ్మే చిన్న భోజనం) కొన్నప్పుడు కూల్ డ్రింక్ (ఇక్కడ సోడా అంటారు) బదులు ఏది తీసుకుంటే మంచిదని అడిగారు. నీళ్ళు, లేకపోతే మామూలు పాలు. ఇంకేం లేదు. కానీ అసలు గొడవ ఏం తాగించాలన్నది కాదండీ, కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందన్నది.

మేముండేది కాలిఫోర్నియాలో. ఇక్కడ 2019 జనవరి నుంచి చట్టం ఉంది, కిడ్స్ మీల్‌తో మామూలుగా ఇచ్చే డ్రింక్ నీళ్ళో, ఫ్లేవర్ కలపని పాలో, అలాంటిదే అయ్యుండాలి. సోడా బ్యాన్ చెయ్యలేదు, మనం నోరు తెరిచి అడిగితే ఇస్తారు. వినడానికి బాగానే ఉంటుంది.

మొన్న వేసవిలో మా అత్తయ్య, మామయ్య గారు వచ్చినప్పుడు హైవే పక్కన ఒక బర్గర్ షాపుకి వెళ్ళాం, పేరెందుకులెండి. మావాడికి ఐదేళ్ళు. కౌంటర్‌లో అమ్మాయి నన్ను ఏమీ అడగకుండా ట్రేలో ఒక ఖాళీ కప్పు పెట్టి, డ్రింకులు మనమే పట్టుకునే మెషీన్ అటు అని చెయ్యి చూపించింది. చట్టం కథ అక్కడితో సరి! నేను కెచప్ ప్యాకెట్లు తెచ్చుకునేలోపు వీడు తాతయ్య చెయ్యి పట్టుకుని వెళ్ళి, ఆరెంజ్‌ది కొంచెం, నల్లది కొంచెం, పచ్చది కొంచెం కలిపి బురద రంగులో ఏదో పట్టుకొచ్చాడు, పైన నురగ, చొక్కా అంతా జిగురు. నేను తీసుకోబోతే మామయ్య గారు "పోనీలేమ్మా, డబ్బులు కట్టాం కదా, నీళ్ళు ఇంట్లో దొరకవా ఏంటి" అన్నారు. పైగా రీఫిల్ ఫ్రీ అని తెలిశాక ఇద్దరూ మళ్ళీ లేచారు, ఈసారి ఆయన కప్పు కూడా తీసుకుని. ఆయనకి షుగర్. అత్తయ్య చూసిన చూపుకి ఆయన సగంలో ఆగి ఐస్ మాత్రం వేసుకొచ్చారు.

ఒక మామూలు కోక్ టిన్నులో 39 గ్రాముల చక్కెర. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పిల్లలకి రోజు మొత్తానికి చెప్పింది, విడిగా కలిపిన చక్కెర 25 గ్రాముల లోపు. ఇంక రీఫిల్ లెక్క మీరే వేసుకోండి.

"జ్యూస్ ఇస్తాంలే" అనేవాళ్ళతో నాకు ఇంకా చిరాకు. ఆపిల్ జ్యూస్ ఎనిమిది ఔన్సులు, అంటే ఒక గ్లాసు, తాగితే అందులోనూ 24 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, పండులో ఉండే పీచు మాత్రం ఉండదు. చాక్లెట్ పాలు కొంచెం నయం, కానీ దాంట్లో చక్కెరలో దాదాపు సగం కలిపిందే. మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు హ్యాపీ మీల్ (వాళ్ళ కిడ్స్ మీల్) బోర్డుల మీద సోడా చూపించబోమని 2013లోనే చెప్పారు, మంచిదే, బోర్డు మీద లేకపోతే పిల్లలు అడగడం తగ్గుతుంది.

అందుకే నేను చేసేది ఒకటే, "ఏం తాగుతావు నాన్నా" అని వాణ్ణి అడగను. ఆర్డర్ చెప్పేటప్పుడే "పాలు" అని నేనే చెప్పేస్తాను. చల్లటి పాలు, స్ట్రా ఉంటే చాలు తాగేస్తాడు. డ్రైవ్ త్రూ (కారు దిగకుండా కొనేది) అయితే ఇంకా సుఖం, మెషీన్ కనపడదు.

మన ఇండియన్ రెస్టారెంట్లేమీ తక్కువ తినలేదు. పిల్లలకనగానే మ్యాంగో లస్సీ అంటగడతారు, పెరుగు కదా మంచిదే అని. అందులో పోసేది డబ్బా మామిడి గుజ్జు, దాంట్లోనే బోలెడు చక్కెర, మళ్ళీ పైన ఇంకో చెంచా. మజ్జిగ ఉందా అంటే మెనూలో లేదంటారు. మరి పెరుగన్నం ఉంది కదా బాబూ, ఆ పెరుగులోనే కాసిని నీళ్ళు పోసి ఉప్పేసి ఇవ్వు, లస్సీ డబ్బులే తీసుకో అన్నా కూడా, మేనేజర్ని అడగాలండీ అంటాడు.