బండి బాగోగులు: లైటు వెలిగింది, 46 వేలంటున్నారు

ప్రశ్న: మాది 2016 పెట్రోలు కారు. 71 వేల కిలోమీటర్లు తిరిగింది. ఒక ఆదివారం వాటర్ సర్వీసింగ్ చేయించాం. మర్నాడు విజయవాడ వెళ్తుంటే దుగ్గిరాల దాటాక డ్యాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు కాసేపు కొట్టుకుని, తర్వాత ఆరకుండా ఉండిపోయింది. ఆగినచోట బండి వణుకుతోంది. పది రోజులు స్కూలుకి అలాగే తిప్పాను. షోరూములో స్కానింగ్ పెట్టి పి0303, పి0420 అని రాసిన కాగితం ఇచ్చారు. కేటలిటిక్ కన్వర్టరు, సెన్సర్లు మార్చాలి, 46,000 అవుతుందన్నారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. బ్యాటరీ వైరు పీకి పెడితే లైటు పోతుందని మా మరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ 46 వేలు ఇప్పుడే కట్టకండి. కన్వర్టరు బాగానే ఉందని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. కానీ దానికంటే ముందు చూడాల్సింది మీ ఉత్తరంలోనే ఉంది. ఆదివారం వాటర్ సర్వీసింగ్, సోమవారం లైటు.

కాగితం అడిగి తెచ్చుకున్నారు, చాలా మంచి పని చేశారు. అవి బండి కంప్యూటరు రాసుకున్న తప్పుల కోడ్‌లు. పి0303 అంటే మూడో సిలిండరు మిస్ కొడుతోందని. అక్కడ పెట్రోలు సరిగా మండకుండానే సైలెన్సరు వైపు వెళ్లిపోతోంది. బండి వణికేది అందుకే. పి0420 అంటే కన్వర్టరు పొగను తగినంత శుభ్రం చేయడం లేదని. మొదటిది కారణం, రెండోది దాని వెనకాల వచ్చింది అయ్యుండొచ్చు. మీకిచ్చిన ఎస్టిమేటులో రెండోదానికే మందు రాశారు. మిస్సింగ్ ఆపకుండా కొత్త కన్వర్టరు వేస్తే, ఆ కాలని పెట్రోలు దీంట్లోకీ వచ్చి మండి, దీన్నీ మాడ్చేస్తుంది.

కాబట్టి నమ్మకమున్న మెకానిక్కుని ఇంటికే పిలవండి, బండి మాత్రం తిప్పొద్దు. ఇంజిన్ చల్లారాక పైనున్న ప్లాస్టిక్ మూత తీస్తే, చాలా పెట్రోలు కార్లలో ఒక్కో సిలిండరు మీద ఒక్కో కాయిల్ కనిపిస్తుంది. పెట్రోలుని అంటించే స్పార్కు ప్లగ్గుకి కరెంటు పంపేది అదే. పది నంబరు స్పానరుతో ఒక్క బోల్టు విప్పి, క్లిప్పు నొక్కి పైకి లాగితే వచ్చేస్తుంది. మూడోదాన్ని తీసి కింద రబ్బరు గొట్టాన్ని వెలుతురులో పట్టుకుని చూడమనండి. లోపల తడి, అంచున తుప్పు మరక, లేకపోతే రబ్బరు పొడవునా పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్లటి చార ఉంటే కరెంటు ప్లగ్గుకి చేరకుండా పక్కకి దూకుతోందన్నమాట. ప్లగ్గు గుంతలో నీళ్లు నిలిచాయేమో కూడా చూసి, గాలి కొట్టి ఆరబెట్టాలి.

తేడా కనిపించకపోతే మూడో కాయిల్ రెండులో, రెండోది మూడులో పెట్టి, స్కానరుతో కోడ్ చెరిపి, ఇంజిన్ స్టార్ట్ చేయమనండి. ఈసారి పి0302 వచ్చిందా, తప్పు కాయిల్‌దే. దానితో పాటే జబ్బు కూడా సిలిండరు మారింది. పి0303 అలాగే ఉంటే ప్లగ్గులు, ఆ తర్వాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు చూడాలి. పది నిమిషాల పని. పార్టు కొనకుండానే తేలిపోతుంది. వైర్లూ ఒకసారి తడిమి చూడమనండి. వానాకాలంలో వెచ్చదనానికి బానెట్ కిందికి చేరిన ఎలుకలు వైర్లు కొరికి పెట్టిన బళ్లు నా దగ్గరికి ఏటా వస్తాయి.

చిన్న పెట్రోలు కార్లకి కాయిల్ దాదాపు 1,500 నుంచి 3,000 రూపాయలు. మామూలు ప్లగ్గులైతే ఒక్కోటి రెండు వందల లోపే, ఇరిడియం రకమైతే అంతకు మూడు నాలుగు రెట్లు. 71 వేలు తిరిగిన బండికి ప్లగ్గులన్నీ మార్చేయడమే మేలు.

మిస్సింగ్ పోయాక కోడ్‌లు చెరిపించి, రెండు మూడు వందల కిలోమీటర్లు మామూలుగా తిప్పండి. పి0420 మళ్లీ రాకపోతే ఆ సంగతి అక్కడితో సరి. వస్తే, కన్వర్టరు ముందు గొట్టంలో ఎక్కడైనా పొగ లీకు ఉందేమో చూపించండి. ఇది నేను డబ్బు పోగొట్టించి నేర్చుకున్న పాఠం. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన కొత్తలో పామర్రు రైతు ఒకాయన బండికి కోడ్ చూసి పొగ గొట్టంలో ఉండే సెన్సరు మార్చేశాను. వారానికే లైటు మళ్లీ వెలిగింది. తీరా చూస్తే ఆ గొట్టం అతుకులో గ్యాస్కెట్ దగ్గర సన్నటి పగులు. అక్కణ్ణుంచి బయటి గాలి లోపలికి పోయి సెన్సరు తప్పు చెప్పింది. ఆయన డబ్బు ఆయనకి తిరిగిచ్చేశాను గానీ, పంట అమ్మిన డబ్బది, ఇప్పటికీ గుర్తొస్తుంది. కోడ్‌లో సెన్సరు పేరుంటే సెన్సరు పోయిందని కాదు. ఇన్నీ చూశాక కూడా 0420 పట్టుకుని కూర్చుంటే, అప్పుడు కన్వర్టరు గురించి మాట్లాడండి.

మీ మరిది గారు చెప్పినట్టు బ్యాటరీ వైరు పీకితే చాలా బళ్లలో లైటు ఆరుతుంది, నిజమే. కానీ మెకానిక్కుకి ఆధారంగా ఉండాల్సిన కోడ్‌లు కూడా చెరిగిపోతాయి. జబ్బు అలాగే ఉంటుంది, రెండు రోజుల్లో లైటు మళ్లీ వస్తుంది. పెట్రోలు ట్యాంకు మూత బిగిస్తే పోతుందని కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది అమెరికా కార్ల సంగతి. అక్కడ ట్యాంకు ఆవిరి లీకైతే కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది, మన దగ్గర చాలా కార్లలో అది లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పసుపు లైటు ఆరకుండా వెలిగితే మెల్లగా ఇంటికి చేరొచ్చు. కొట్టుకుంటుంటే యాక్సిలరేటరు వదిలి పక్కకి ఆపండి, కన్వర్టరు మాడేది అప్పుడే. ఎర్రటి నూనె డబ్బా బొమ్మ గానీ, ఎర్రటి టెంపరేచరు బొమ్మ గానీ వెలిగితే ఇంజిన్ వెంటనే ఆపాలి, ఊరు రెండు కిలోమీటర్లే ఉన్నా సరే.

ఏ పార్టు మార్చినా పాతది తిరిగివ్వమనండి, బిల్లులో పార్టు నంబరు రాయించండి. వాళ్లు ఇవ్వబోమంటే, ఎస్టిమేటు కాగితం దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోన్ చేయండి.

వాటర్ సర్వీసింగ్‌కి ఈసారి వెళ్లినప్పుడు బానెట్ తెరవనివ్వకండి. ఇంజిన్ దుమ్ముకి తడిగుడ్డ చాలు.