అబ్బాయి కూచిపూడి నేర్చుకుంటానంటే "ఆడంగి అయిపోతాడు" అంటున్నారు, ఏం చెయ్యాలి?

మీ బాబుకి పదేళ్లు, కూచిపూడి నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు, మీ అత్తగారి వైపు వాళ్లేమో ఆడంగి అయిపోతాడని భయపెడుతున్నారు, అంతే కదా. నేను గాజువాకలో ఇదే మాట వింటూ ఇదే నాట్యం నేర్చుకున్నాను. చేర్పించండి.

కానీ ఒక్క విషయం. చుట్టాల నోరు మూయించడానికి చాలామంది "ఇదీ ఎక్సర్‌సైజే అండీ, శివతాండవం కూడా నేర్పిస్తారు" అంటుంటారు, మా నాన్న కూడా అదే అనేవారు. నాకు ఆ వాదన నచ్చదు. రేపు గురువుగారు సత్యభామ అభినయం మొదలుపెడతారు, పిల్లాడు జడ ముందుకు వేసుకుని కళ్లతో అలగాలి, అప్పటిదాకా తాండవం కాబట్టి పర్లేదని ఇంట్లో విన్నవాడికి ఆ రోజు ఒళ్లంతా సిగ్గు పట్టుకుంటుంది. అసలు కూచిపూడి ఊళ్లో తరతరాలుగా ఆడింది మగవాళ్లే, ఆడవేషాలతో సహా. వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి దేశమంతా పేరొచ్చింది సత్యభామ వేషంతోనే, 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆడపిల్లలు ఇందులోకి ఎక్కువగా వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. ఈ ముక్క మీ వాళ్లకి చెప్పండి. నమ్మరు, అయినా చెప్పండి.

మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఆడేది ఎవరు? గుండెల మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టుకుని ఎగిరి ఎగిరి ఆడేది మగవాళ్లే. అమ్మవారి పండగలో మా మావయ్య ముందు వరసలో నిలబడి ఈలలు వేసేవాడు, నా కాళ్లకి గజ్జెలు చూస్తే మాత్రం "ఏట్రా, చీర కూడా కొనమంటావేటి?" అనేవాడు. పెళ్లిలో చిరంజీవి స్టెప్పులేస్తే ఆయనే నోట్లు తిప్పి ఇచ్చేవాడు (అవి తీసుకునేవాణ్ణి, అది వేరే సంగతి). మగపిల్లాడు ఎగిరితే ఆయనకి అభ్యంతరం లేదు, మొహంలో అలకా సిగ్గూ కనిపిస్తేనే తట్టుకోలేకపోయేవాడు. మీ వాళ్ల బాధ కూడా అదే అయ్యుంటుంది.

చేర్పించే ముందు ఆ క్లాసులో ఇంకో అబ్బాయి ఉన్నాడో లేదో కనుక్కోండి, ఒక్కడున్నా చాలు, చాలా తేడా ఉంటుంది. వైజాగ్‌లో కళాభారతి ఆడిటోరియంలో మగవాళ్లు చేసే ప్రోగ్రామ్ పడితే తీసుకెళ్లి చూపించండి. మేకప్ వేసిన ఫొటోలు వాడిని అడక్కుండా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, స్కూల్లో ఏడిపించేవాళ్ల చేతికి అవే చేరతాయి. మొదట్లో అంతా అరమండిలో (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు) ఉండి నేలని తన్నడమే, కాళ్లు పీకేస్తాయి, విసుగొచ్చి మానేస్తానంటే అది మామూలే, దాన్ని ఈ గొడవతో కలపకండి. అపార్ట్‌మెంట్ అయితే కింద ఫ్లాట్ వాళ్లకి మాత్రం ముందే చెప్పుంచండి.