మోకాలికి వేసే నీ క్యాప్ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 47, బరువు 88 కిలోలు. కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాలని మూడు నెలల కిందట రన్నింగ్ మొదలుపెట్టాను. మెట్లు దిగేటప్పుడు, ఫ్లైఓవర్ దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప దగ్గర నొప్పి వస్తోంది. పరిగెత్తితే ఒంటి బరువుకు మూడు రెట్లు కాలి మీద పడుతుందట. గుజ్జు అరిగిపోతుందా? ఏ నీ క్యాప్, ఎలాంటి షూ కొనాలి? మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర పరుగుకు ముందు ఒకటి, రాత్రి ఒకటి నెలన్నరగా వేసుకుంటున్నాను, తేలిగ్గా ఉంటోంది. ఈ మధ్య కాలి ముందు ఎముక మీద కూడా ఒకచోట నొప్పి, రాత్రి పడుకున్నా తెలుస్తోంది. బీపీకి టెల్మీసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది షూ గురించి, నీ క్యాప్ గురించి. నాకు ఆందోళన కలిగించింది మాత్రం మీరు చివర్లో రాసిన రెండు విషయాలు. ఒకటి నెలన్నరగా మింగుతున్న మాత్ర, రెండోది రాత్రి కూడా వదలని ఎముక నొప్పి. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి ముందు వాటి గురించే చెబుతాను.

మాత్ర పేరు మీరు రాయలేదు. మెడికల్ షాపుల్లో ఇలాంటి నొప్పులకు ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకాలు. మీదీ అదే అనుకుని చెబుతున్నాను, ఇవాళే ఆపేయండి. మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. ఒకటి కిడ్నీ లోపలి రక్తనాళాల మీద పనిచేస్తుంది, ఇంకొకటి నీటిని, ఉప్పును మూత్రంలో బయటికి పంపుతుంది. వీటికి నొప్పి మాత్ర తోడైతే కిడ్నీకి అందే రక్తం తగ్గిపోవచ్చు. పైగా మీరు ఆ మాత్ర వేసుకుని, గంటసేపు చెమటలు కారేలా పరిగెత్తి, ఒంట్లో నీరు కూడా తగ్గించుకుంటున్నారు. ఈ కలయికతో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. మొదట్లో నొప్పి, బాధ ఏమీ ఉండవు, అందుకే నాకు భయం. ఈ వారంలోనే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం, యూరిన్ పరీక్షలు చేయించుకుని, బీపీ చూపించుకోండి. మూత్రం తగ్గినా, పాదాలు వాచినా, మలం నల్లగా వచ్చినా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఇంకో మాట, ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. ఏం మందు వాడుతున్నారని అడిగితే నా దగ్గరికి వచ్చేవాళ్లు చొక్కా జేబులోంచి ఒక స్ట్రిప్ ముక్క తీస్తారు. కత్తెరతో కత్తిరించిన నాలుగు మాత్రలు, వెనక పేరులో సగం అక్షరాలే ఉంటాయి, డేటు ఉండదు. ఏం మింగుతున్నారో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. దయచేసి అలా కొనకండి.

ఇక ఎముక. కాలి ముందు ఎముక మీద ఒక వేలితో మెల్లగా నొక్కుకుంటూ రండి. సరిగ్గా ఒక రూపాయి బిళ్లంత చోట చురుక్కుమంటే, ఆ నొప్పి పడుకున్నప్పుడూ ఉంటే, స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే భారానికి ఎముకలో వచ్చే సన్నని చీలిక) కాదని తేలేదాకా అదేనని అనుమానించాల్సిందే. చూడకుండా ఖాయంగా చెప్పలేను. మొదటి వారాల్లో ఎక్స్‌రే బాగానే కనిపించవచ్చు, దాన్ని చూసి ధైర్యపడి మళ్లీ పరుగు మొదలుపెట్టొద్దు. అవసరమైతే ఎంఆర్ఐలో తెలుస్తుంది. అప్పటివరకు పరుగు పూర్తిగా బంద్. నొప్పి రాకుండా నడవగలిగితే నడవండి.

ఇప్పుడు మీ ప్రశ్న. మూడు రెట్లని చదివింది తప్పు కాదు. స్కూల్లో చదివిన న్యూటన్ మూడో సూత్రమే ఇది: మీరు నేలను ఎంత బలంతో తొక్కితే నేల అంతే బలంతో మిమ్మల్ని తిరిగి నెడుతుంది. నడకలో అది ఒంటి బరువు కన్నా కాస్త ఎక్కువ, పరుగులో రెండు నుంచి మూడు రెట్లు. రెండున్నర రెట్లనుకుంటే మీ 88 కిలోలకు 220 కిలోలు. నిమిషానికి 160 అడుగులు వేస్తే అరగంటలో ఒక్కో కాలు ఆ బరువును 2400 సార్లు మోయాలి. మోకాలి కీలు లోపల ఒత్తిడి ఇంకా ఎక్కువ, ఎందుకంటే చుట్టూ ఉన్న కండరాలు కూడా కీలును బిగించి లాగుతాయి.

అయినా గుజ్జు అరగడానికి ఇదొక్కటే కారణం కాదు. కొబ్బరికాయను బండమీద కొడితే పగులుతుంది, అంతే ఎత్తు నుంచి ఇసుకలో వేస్తే పగలదు. ఇసుకలో కాయ మెల్లగా ఆగుతుంది, అందుకే దెబ్బ తక్కువ. కాలికి ఇసుక లాంటివి కండరాలు. అడుగు పడగానే మోకాలు కొద్దిగా వంగుతుంది, తొడ ముందు కండరం సాగుతూ ఆ వేగాన్ని మెల్లగా ఆపుతుంది. దిగేటప్పుడు ఒళ్లు కిందికి, ముందుకి దూసుకుపోతుంటుంది కాబట్టి ఈ బ్రేకు పని ఇంకా పెరుగుతుంది, చిప్ప తొడ ఎముకకు గట్టిగా అదుముకుంటుంది. మీకు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాకుండా దిగేటప్పుడు నొప్పి రావడానికి కారణం ఇదే కావచ్చు. కండరం అలిసిపోతే ఆ భారంలో ఎక్కువ భాగం ఎముక మీదికి పోతుంది. సరిగ్గా ఆ సమయంలో 'ఇక చాలు' అని చెప్పేది నొప్పి. మీరు పరుగుకు ముందే మాత్ర వేసుకుని ఆ మాట వినపడకుండా చేశారు. భారం ఒక్క కిలో కూడా తగ్గలేదు, తెలియకుండా పోయింది, అంతే. మూడు నెలల్లోనే ఎముక దాకా వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

సరదాగా పరిగెత్తేవాళ్లలో గుజ్జు త్వరగా అరుగుతుందని ఇప్పటిదాకా గట్టి ఆధారాలు లేవు, ఆ టెన్షన్ వదిలేయండి. నీ క్యాప్ వేసుకుంటే వెచ్చగా, ధైర్యంగా ఉంటుంది, బరువు మాత్రం మోయదు. షూ కాలికి సరిపోయి, సౌకర్యంగా ఉంటే చాలు. మెత్తటి సోల్‌కు వేలకు వేలు పోయనక్కర్లేదు. ఎముక బాగుందని తేలాక ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ, పిర్ర, పిక్క కండరాలకు బలం పెంచే వ్యాయామాలు నేర్చుకోండి. తర్వాత పరిగెత్తేటప్పుడు అడుగు చిన్నది చేసి, అడుగుల సంఖ్య ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది. బరువు కూడా తగ్గాలి. మోకాలి అరుగుదల ఉన్నవాళ్ల మీద జరిగిన ఒక పరిశోధనలో ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గినట్టు తేలింది.

మోకాలు వాచినా, వంచినచోటే పట్టేసినా, గజ్జల్లో నొప్పి మొదలైనా వారం కూడా ఆగొద్దు, వెంటనే చూపించుకోండి. మధ్యలో నొప్పి భరించలేకపోతే పారాసిటమాల్ వేసుకోవచ్చేమో మీ బీపీ డాక్టరును ఫోన్‌లోనైనా అడగండి. దగ్గర్లోని ఎముకల డాక్టరును కలిసేటప్పుడు బ్లడ్ రిపోర్టులు, పరిగెత్తిన షూ, ఆ మాత్రల స్ట్రిప్ ఎంత మిగిలితే అంత తీసుకెళ్లండి. ఆగస్టు పరుగు సంగతి ఆ రిపోర్టులు చూశాక ఆయనే చెబుతారు.